ఎం.ఎన్.రాయ్: ఎన్ని పేర్లు, ఎన్ని దేశాలు!

మెక్సికో నగరంలో కొలోనియా రోమా అనే పాత పేట ఉంది. అక్కడి ఒక పాత ఇంట్లో ఈ శతాబ్దంలో ఒక నైట్‌క్లబ్బు వెలిసింది. దాని పేరు ‘ఎం.ఎన్.రాయ్’. నూరేళ్ళ కిందట ఆ ఇంట్లో కాపురమున్నవాడు ఒక బెంగాలీ బ్రాహ్మణ యువకుడు. మెక్సికో కమ్యూనిస్టు పార్టీకి పురుడు పోసిన ఇల్లది. మన దేశంలో ఆయన పేరు చెబితే చాలామంది ‘ఏ రాయ్?’ అని అడుగుతారు. అందుకే ఈ విశేషాలు.

అసలు ఆ పేరు కూడా అమ్మానాన్నలు పెట్టింది కాదు. వాళ్ళు పెట్టిన పేరు నరేంద్రనాథ్ భట్టాచార్య. 1887 మార్చి 21న బెంగాల్‌లో 24 పరగణాల జిల్లా ఆర్బేలియాలో పుట్టాడు. పాత పుస్తకాలు కొన్నింట్లో పుట్టిన ఏడు 1893 అని ఉంటుంది, నమ్మకండి. తండ్రి దీనబంధు సంస్కృతం చెప్పే పంతులు. తరతరాలుగా అమ్మవారి గుడిలో అర్చకత్వం చేసిన వంశం. ఆ ఇంటి పిల్లవాడు ఇరవయ్యేళ్ళ వయసులో, 1907 డిసెంబరులో, చింగ్రిపోతా రైల్వే స్టేషను దోపిడీ కేసులో పట్టుబడ్డాడు. తుపాకులకు డబ్బు కావాలి, ఆ డబ్బు తెల్లదొరల సర్కారు పెట్టెలోంచే తీయాలి. అప్పటి విప్లవకారుల లెక్క అది. ఆ కేసు నిలవలేదు. 1910లో హౌరా కుట్ర కేసులో జతీంద్రనాథ్ ముఖర్జీతో పాటు మళ్ళీ జైలుకు వెళ్ళాడు. కత్తితో పులిని చంపి ‘బాఘా జతిన్’ అనిపించుకున్న వీరుడు ఈ జతీంద్రనాథే.

తుపాకులు రాని ఓడ

మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఇంగ్లండుకు శత్రువైన జర్మనీ మన విప్లవకారులకు ఆయుధాలిస్తానంది. వాటి సంగతి మాట్లాడటానికి 1915 ఏప్రిల్‌లో నరేన్ ‘సి.ఎ.మార్టిన్’ అన్న పేరుతో బటావియా వెళ్ళాడు, అంటే నేటి జకార్తాకు. ఏర్పాటు ఇదీ: కాలిఫోర్నియాలో ‘ఆనీ లార్సెన్’ అనే ఓడ తుపాకులు నింపుకొని బయల్దేరాలి. మెక్సికో తీరానికి దూరంగా ఉన్న సొకోరో దీవి దగ్గర వాటిని ‘మావెరిక్’ అనే మరో ఓడలోకి మార్చాలి. అది సుందరవనాల దాకా రావాలి. ఆ రెండు ఓడలూ సముద్రంలో కలుసుకోనే లేదు. ఒకటి వచ్చేసరికి ఇంకొకటి వెళ్ళిపోయింది. మావెరిక్ బటావియాకు ఖాళీగా చేరింది.

ఇటు ఒరిస్సాలో బాలాసోర్ దగ్గర ఆ తుపాకుల కోసం ఎదురుచూస్తున్న బాఘా జతిన్‌ను పోలీసులు చుట్టుముట్టారు. సెప్టెంబరు 9న కాల్పులు జరిగాయి, మర్నాడు ఆయన కన్నుమూశాడు. నరేన్ అప్పటికే రెండోసారి సముద్రం దాటాడు. ఆయుధాలు దొరక్కుండా తిరిగి రానని చెప్పి వెళ్ళినవాడు మళ్ళీ ఈ నేల మీద కాలు పెట్టింది 1930 డిసెంబరులో. ఆ పదిహేనేళ్ళూ ఎక్కడెక్కడ తిరిగాడో, ఏమేం చేశాడో చెప్పుకుంటూ పోతే నవలలా ఉంటుంది.

పేరు పెట్టిన స్నేహితుడు

జపాన్, చైనా తిరిగి 1916లో క్రైస్తవ మతబోధకుడి వేషంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగాడు. పోలీసుల కన్ను తప్పించుకోవాలంటే పాత పేరు వదలక తప్పదని, పాలో ఆల్టోలో ఉన్న ధనగోపాల్ ముఖర్జీ సలహా ఇచ్చాడు. అలా పుట్టింది మానవేంద్రనాథ్ రాయ్ అనే పేరు. ఆ ధనగోపాల్ కూడా మామూలువాడు కాడు. ఒక పావురం కథ రాసి, అమెరికాలో బాలసాహిత్యానికిచ్చే న్యూబరీ పతకాన్ని 1928లో అందుకున్నాడు. నరేంద్రుడు మానవేంద్రుడు కావడం అప్పటికి ఒక మారుపేరు మాత్రమే. ముప్పై ఏళ్ళ తర్వాత ఆయన చేరిన సిద్ధాంతం మానవవాదం. ఆ పేరు ఎంత ముందుచూపుతో పెట్టినట్టుందో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది నాకు.

న్యూయార్క్‌లో లాలా లజపతిరాయ్ ఉపన్యాసం ఒకటి విన్నాడు. సభలో ఎవరో లేచి, ఇంగ్లీషు షావుకారు పోయి హిందూ షావుకారు దోచుకుంటే పేదవాడికి ఒరిగేదేమిటని అడిగారట. తన్నేవాడు సొంత తమ్ముడా, పరాయి దొంగా అన్నదాంట్లో తేడా ఉందన్నట్టు లాలాజీ జవాబు చెప్పారు. సభ తృప్తిపడిందో లేదో గానీ, ఆ ప్రశ్న తనను వదల్లేదని రాయ్ తర్వాత తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. స్వాతంత్య్రమంటే ఎవరికి స్వాతంత్య్రం? నగర గ్రంథాలయంలో కూచుని మార్క్స్‌ను చదవడం అప్పుడు మొదలుపెట్టాడు. జీవితమంతా ఆయన వెంటబడిన ప్రశ్న ఇదొక్కటే. జవాబులు మాత్రం మార్చుకుంటూ వెళ్ళాడు.

మెక్సికోలో మూడో జన్మ

1917లో అమెరికా యుద్ధంలోకి దిగింది. అక్కడి భారతీయ విప్లవకారుల మీద కేసులు పడ్డాయి. అరెస్టయిన రాయ్, భార్య ఎవిలిన్ ట్రెంట్‌తో కలిసి మెక్సికోకు జారుకున్నాడు. అక్కడ స్పానిష్ నేర్చుకున్నాడు. ‘ఎల్ ప్యూబ్లో’ పత్రికలో వ్యాసాలు రాశాడు. భారతదేశపు గతం, వర్తమానం, భవిష్యత్తు మీద స్పానిష్‌లోనే పుస్తకం తెచ్చాడు. మెక్సికో అధ్యక్షుడు కారంజా ఆయన్ని ఆదరించాడు. రష్యా నుంచి రహస్యంగా వచ్చిన మిఖాయిల్ బొరోదిన్‌కు రాయ్ తన ఇంట్లో చోటిచ్చాడు. ఆ ఇంటి చర్చల్లోనే రాయ్ కమ్యూనిస్టయ్యాడు. 1919లో అక్కడి సోషలిస్టు పార్టీ కమ్యూనిస్టు పార్టీగా మారింది.

ఇక్కడొక మాట చెప్పాలి. రష్యా వెలుపల పుట్టిన మొదటి కమ్యూనిస్టు పార్టీ రాయ్ పెట్టిందేనని మన పుస్తకాలు, వ్యాసాలు పదేపదే రాస్తుంటాయి. అది సరికాదు. హంగరీ, జర్మనీ పార్టీలు 1918లోనే పుట్టాయి. రాయ్ గొప్పతనానికి ఈ లేని కిరీటం అవసరం లేదు. పాస్‌పోర్టు సంపాదించలేని ఒక పరాధీన దేశపు మనిషి, తనకు ఆశ్రయమిచ్చిన దేశంలో ఒక పార్టీని నిలబెట్టాడు. ఆ నిజం చాలు.

మెక్సికో ప్రభుత్వమే ఇచ్చిన దౌత్య పాస్‌పోర్టుతో, రోబెర్తో అల్యెన్ ఇ వియ్యాగార్సియా అన్న పేరుతో, ఆయన ఐరోపా మీదుగా మాస్కో చేరాడు.

లెనిన్‌తో పేచీ

1920లో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ రెండో మహాసభ. రాయ్ వయసు ముప్పై మూడు. నెరిసిన గడ్డంతో తూర్పుదేశపు జ్ఞాని ఎవరో వస్తాడనుకున్నానని లెనిన్ తనను చూసి ఆశ్చర్యపోయాడని రాయ్ రాసుకున్నాడు. వలస దేశాల సమస్య మీద లెనిన్ ఒక ముసాయిదా రాసి, విమర్శించమని పంచాడు. పెద్దమనుషులు విమర్శించమన్నప్పుడు ‘బాగుందండీ’ అనడం మనకు అలవాటు. రాయ్ నిజంగానే విమర్శించాడు.

వాదన ఇదీ. వలస దేశాల్లో ధనిక, మధ్యతరగతి జాతీయోద్యమాలను కమ్యూనిస్టులు బలపరచాలన్నాడు లెనిన్. అలా కాదు, ఆ వర్గం ఏదో ఒకనాడు సామ్రాజ్యవాదంతో రాజీపడుతుంది, రైతుల్నీ కూలీల్నీ సొంతంగా కూడగట్టాలి అన్నాడు రాయ్. గాంధీ విప్లవశక్తి అని లెనిన్ భావిస్తే, సామాజికంగా ఆయన వెనక్కి నడిపించే మనిషని రాయ్ వాదించాడు. లెనిన్ తన ప్రతిలో కొన్ని మాటలు మార్చాడు. రాయ్ రాసినదాన్ని కూడా సవరించి, అనుబంధ సిద్ధాంతంగా సభ ముందు పెట్టించాడు. రెండూ నెగ్గాయి. రాయ్ ఆరోజు గాంధీని అంచనా వేయడంలో తొందరపడ్డాడనే నేననుకుంటాను. కోట్లమందిని వీధిలోకి తెచ్చిన శక్తిని ఆయన తక్కువగా చూశాడు. 1948లో గాంధీ హత్య తర్వాత ఆయన రాసిన నివాళి వ్యాసాల్లో స్వరం చాలా మారింది. గాంధీ మతభాష వెనక ఉన్న మానవత్వాన్ని అప్పుడు గుర్తించాడు.

ఏడుగురితో ఒక పార్టీ

1920 అక్టోబరు 17న తాష్కెంట్‌లో భారత కమ్యూనిస్టు పార్టీ ఏర్పడింది. సభ్యులు ఏడుగురు: రాయ్, ఎవిలిన్, అవని ముఖర్జీ, ఆయన భార్య రోజా ఫిటింగోవ్, మహమ్మద్ అలీ, మహమ్మద్ షఫీక్, ఎం.పి.టి.ఆచార్య. వీళ్ళలో ఒకామె అమెరికన్, ఒకామె రష్యన్. షఫీక్ కార్యదర్శి. పార్టీ పుట్టినరోజు ఏది అన్న తగాదా ఇప్పటికీ తీరలేదు. సీపీఎం ఈ తాష్కెంట్ తేదీని లెక్కలోకి తీసుకుంటుంది. సీపీఐ 1925 డిసెంబరు కాన్పూరు మహాసభను తీసుకుంటుంది. మొత్తానికి శతజయంతి రెండుసార్లు వచ్చింది.

ఆయన చెప్పని పేరు

ఎవిలిన్ ట్రెంట్ స్టాన్‌ఫర్డ్‌లో చదువుకున్న అమ్మాయి. రాయ్‌ని పెళ్ళాడి, మెక్సికో, మాస్కో, తాష్కెంట్, బెర్లిన్ అన్నీ ఆయనతో పాటే తిరిగింది. ‘శాంతీదేవి’ అనే కలం పేరుతో భారత రాజకీయాల మీద వ్యాసాలు రాసింది. 1922లో మొదలైన ‘వాన్‌గార్డ్’ పత్రికకు చాకిరీ చేసింది. దొంగచాటుగా ఇండియాకు చేరిన ఆ పత్రికలే ఇక్కడి తొలి కమ్యూనిస్టులకు పాఠాలు. 1925లో ఇద్దరూ విడిపోయారు. ఆమె అమెరికా వెళ్ళిపోయింది.

రాయ్ తర్వాత తన జ్ఞాపకాలను పెద్ద గ్రంథంగా రాశాడు. మెక్సికోలో తిన్న తిండి, కలిసిన జనం, విన్న కబుర్లు అన్నీ అందులో ఉన్నాయి. ఎవిలిన్ పేరు ఎక్కడా లేదు. మనిషి స్వేచ్ఛ గురించి అంత లోతుగా ఆలోచించినవాడు, తన పక్కన నడిచిన మనిషిని పుస్తకంలోంచి పూర్తిగా తీసేయడం నాకు మింగుడుపడదు. విడిపోయినందుకు ఎవరినీ తప్పుపట్టలేం. ఆమె చేసిన పనిని దాచడం మాత్రం తప్పే. తొలి భారత కమ్యూనిస్టు సాహిత్యంలో ఆమె పాలు ఎంతో తర్వాతి చరిత్రకారులు వెతికి రాయాల్సి వచ్చింది.

ఒక తంతి

1927లో ఇంటర్నేషనల్ ఆయన్ని చైనా పంపింది. అక్కడ బొరోదిన్ ఒక దారి, రాయ్ ఒక దారి. భూములు పంచాలి, రైతులకు ఆయుధాలివ్వాలి, నమ్మకం లేని సేనాపతుల్ని శిక్షించాలి అంటూ స్టాలిన్ నుంచి తంతి వచ్చింది. రాయ్ దాన్ని, కమ్యూనిస్టులతో పొత్తులో ఉన్న వూహాన్ ప్రభుత్వాధినేత వాంగ్ జింగ్‌వెయ్‌కి చూపించాడు. నమ్మి చూపిస్తే కలిసి వస్తాడనుకున్నాడు. వాంగ్ బెదిరిపోయాడు. జులైలో కమ్యూనిస్టుల మీద వేట మొదలైంది. తంతి చూపించకపోయినా ఆ పొత్తు నిలిచేది కాదని చెప్పేవాళ్ళున్నారు. రాయ్ తలమీద పడ్డ మచ్చ మాత్రం పోలేదు.

మాస్కోలో ఎండ తగ్గిపోయింది. 1928లో చెవి జబ్బు ముదిరి, బుఖారిన్ సాయంతో బెర్లిన్ వచ్చిపడ్డాడు. అధికార పంథాను విమర్శించే జర్మన్ కమ్యూనిస్టుల పత్రికల్లో రాశాడు. 1929లో ఇంటర్నేషనల్ ఆయన్ని వెలివేసింది. ఆయనకు పదవులన్నీ ఇచ్చిన సంస్థ అది. అక్కడే ఉండిపోయుంటే ఏమయ్యేదో బుఖారిన్ గతి చూస్తే తెలుస్తుంది. 1938లో ఆయన్ని కాల్చి చంపారు.

జైలులో తొమ్మిది సంపుటాలు

తలమీద పాత వారెంటు ఉందని తెలిసి కూడా 1930లో ‘డాక్టర్ మహమూద్’ పేరుతో ఇండియాలో దిగాడు. 1931 మార్చిలో కరాచీ కాంగ్రెస్ మహాసభకు వెళ్ళాడు. జులై 21న బొంబాయిలో పట్టుకున్నారు. విచారణ కాన్పూరు జైలు గోడల మధ్యే జరిగింది. కోర్టులో చదవనివ్వని వాంగ్మూలం సముద్రం దాటి 1932లో న్యూయార్క్‌లో అచ్చయింది. శిక్ష పన్నెండేళ్ళ ద్వీపాంతరవాసం. అలహాబాదు హైకోర్టు దాన్ని ఆరేళ్ళకు తగ్గించింది.

జైలులో ఆయన చేసిన పని రాయడం. ఆధునిక భౌతికశాస్త్రం మన తత్త్వశాస్త్రాన్ని ఏం చేసింది అన్నది ప్రధాన విషయం. ఐన్‌స్టైన్ సాపేక్షత, క్వాంటం సిద్ధాంతం వచ్చాక పదార్థం, కాలం, కారణం అన్న మాటలకు అర్థాలు మారాయి కదా, ఆ మార్పు తర్వాత కూడా భౌతికవాదం నిలుస్తుందా అని వెతికాడు. సుమారు మూడువేల పెద్ద పేజీలు, తొమ్మిది సంపుటాలు. ‘మెటీరియలిజం’, ‘సైన్స్ అండ్ సూపర్‌స్టిషన్’, ‘హిస్టారికల్ రోల్ ఆఫ్ ఇస్లాం’ ఆ రాతల పంటే. చివరిదాన్ని ఈ కాలంలో మరీ చదవాలి. ఇస్లాం చరిత్రలో ఎంతటి విప్లవం తెచ్చిందో, ఎంత విజ్ఞానాన్ని ఐరోపాకు అందించిందో పక్కింటి హిందువులకు తెలియకపోవడం దేశానికి చేటని, పూజారుల ఇంట పుట్టిన మనిషి జైలు గదిలో కూచుని రాశాడు.

అదే జైలులో ఒక పిల్లి ఆత్మకథ కూడా రాశాడు. మనుషుల నీతినియమాలను పిల్లి కళ్ళతో చూపించే రచన అది. జర్మనీలో పరిచయమైన ఎలెన్ గాట్‌షాక్‌కు రాసిన జైలు ఉత్తరాలు తర్వాత పుస్తకమయ్యాయి. 1936 నవంబరు 20న డెహ్రాడూన్ జైలు నుంచి విడుదలయ్యాడు. మరుసటేడు ఎలెన్ ఇండియా వచ్చింది, పెళ్ళి చేసుకున్నారు.

రాజ్యాంగ పరిషత్తు ఎవరి ఊహ?

భారతదేశానికి రాజ్యాంగ పరిషత్తు కావాలని మొదట ప్రతిపాదించినవాడు ఎం.ఎన్.రాయ్ అని, అది 1934లో అని పోటీ పరీక్షల పుస్తకాల్లో చదివే ఉంటారు. కాస్త ఆగి ఆలోచిస్తే ఒక చిక్కు కనిపిస్తుంది. 1934లో ఆయన జైలులో ఉన్నాడు. నిజానికి జైలుకు పోకముందు నుంచే ఆయనా ఆయన అనుచరులూ ప్రచారం చేస్తూ వచ్చిన నినాదమది. 1944లో ఆయనే స్వతంత్ర భారత రాజ్యాంగానికి ఒక ముసాయిదా తయారుచేశాడు. ఊరూరా ప్రజాసంఘాలుంటాయి, అధికారం కింది నుంచి పైకి వెళ్తుంది. అదే ఏడాది ఆయన సహచరులు బెనర్జీ, పరీఖ్, తార్కుండే కలిసి ‘పీపుల్స్ ప్లాన్’ తెచ్చారు. పెద్ద పరిశ్రమాధిపతుల బొంబాయి ప్రణాళికకు అది జవాబు. ముందు వ్యవసాయం, ముందు తిండి, బట్ట అంటుంది.

యుద్ధకాలం మాత్రం ఆయన్ని ఒంటరిని చేసింది. 1940లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి మౌలానా ఆజాద్ మీద నిలబడి 183 ఓట్లు తెచ్చుకున్నాడు. హిట్లర్ గెలిస్తే ఎవరి స్వాతంత్య్రమూ మిగలదు, ఫాసిజం ఓడితే బ్రిటిష్ సామ్రాజ్యం కూడా నీరసించి మనకు స్వాతంత్య్రం వస్తుంది అన్నది ఆయన వాదన. యుద్ధానికి మద్దతిచ్చాడు. ఆయన కార్మిక సంస్థకు ప్రభుత్వం నెలకు 13,000 రూపాయలు ఇవ్వడంతో ద్రోహి అన్న మాట పడింది. ఆ డబ్బు తీసుకోకుండా ఉండాల్సింది. వాదన మాత్రం తప్పు కాదు. 1947లో జరిగింది చూడండి.

తన పార్టీని తానే మూసేసినవాడు

1946లో రాయ్ తన కొత్త ఆలోచనను 22 సూత్రాలుగా రాశాడు. మరుసటేడు ‘న్యూ హ్యూమనిజం’ పుస్తకం వచ్చింది. చరిత్రకు కొలమానం వర్గమో, జాతో, దేశమో కాదు, మనిషే అన్నాడు. సమాజం బాగుపడిందా అంటే అందులోని ఒక్కొక్క మనిషి స్వేచ్ఛ పెరిగిందా అని చూడాలి. ఇక పార్టీలు చేసేదేమిటి? ఓటర్ల తరఫున తామే ఆలోచించి, అధికారం నలుగురి చేతుల్లో కుప్పపోస్తాయి. ఇలా నమ్మాక సొంతంగా పార్టీ నడపడం ఎలా? 1948 డిసెంబరులో కలకత్తా సభలో, తాను నడుపుతున్న రాడికల్ డెమొక్రటిక్ పార్టీని రద్దు చేశాడు. ఓడిపోయి మూతపడ్డ పార్టీలు చాలా ఉన్నాయి. సిద్ధాంతం ఒప్పుకోదని నాయకుడే రద్దు చేసిన పార్టీ మన దేశంలో ఇంకొకటి చూపించండి.

ఆయన శిష్యుడు తార్కుండే తర్వాత బొంబాయి హైకోర్టు న్యాయమూర్తయ్యాడు. ఎమర్జెన్సీ కాలంలో జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి పౌరహక్కుల ఉద్యమాన్ని నిలబెట్టాడు.

మన తెలుగువాళ్ళు

త్రిపురనేని గోపీచంద్ ఆంధ్రలో రాడికల్ డెమొక్రటిక్ పార్టీకి కార్యదర్శిగా పనిచేశాడు. ‘అసమర్థుని జీవయాత్ర’ రాసిన రోజులవి. అబ్బూరి రామకృష్ణారావు, పాలగుమ్మి పద్మరాజు కూడా రాయ్ భావాలవైపు నడిచినవాళ్ళే. తెనాలిలో ఆవుల గోపాలకృష్ణమూర్తి వకీలు పని చేసుకుంటూ మానవవాదాన్ని ఇంటింటి మాట చేశాడు. రావిపూడి వెంకటాద్రి నూరేళ్ళ జీవితంలో ‘హేతువాది’ పత్రికతో, పుస్తకాలతో ఆ దీపం ఆరకుండా చూశాడు. నరిసెట్టి ఇన్నయ్య రాయ్ రచనలు అనేకం తెలుగులోకి తెచ్చారు. బెంగాల్‌లో పుట్టిన ఈ ఆలోచనకు కోస్తా జిల్లాల్లో ఇంత నేల దొరకడానికి కారణముంది. గోపీచంద్ తండ్రి, కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి, ఆ నేలను అప్పటికే దున్ని ఉంచాడు. పురాణాన్ని ప్రశ్నించడం ఇక్కడ అప్పటికి కొత్త కాదు.

డెహ్రాడూన్ మోహినీ రోడ్డులోని 13వ నంబరు ఇల్లు రాయ్ ఆఖరి మజిలీ. 1952 జూన్‌లో ముస్సోరీ కొండదారిలో నడుస్తూ యాభై అడుగుల లోతుకు జారిపడ్డాడు. ఆగస్టులో ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతర్జాతీయ మానవవాద సంఘం పుట్టినప్పుడు మంచాన ఉన్న ఆయన్ని ఉపాధ్యక్షుల్లో ఒకరిగా ఎన్నుకున్నారు. 1954 జనవరి 25న అర్ధరాత్రి కావస్తుండగా కన్నుమూశాడు. ఎలెన్ ఆ ఇంట్లోనే ఉండి ఆయన పనిని కొనసాగించింది. 1960 డిసెంబరులో అదే ఇంట్లో హత్యకు గురైంది.

ఆయన జ్ఞాపకాల గ్రంథం 1964లో వచ్చింది. అందులో కథ 1923 దగ్గర ఆగిపోతుంది. చైనా, వెలి, జైలు, పార్టీ రద్దు, వీటి గురించి ఆయన నోటితో వినే భాగ్యం మనకు లేదు. శివనారాయణ్ రే సంపాదకత్వంలో ఎంపిక చేసిన రచనలు నాలుగు సంపుటాలుగా వచ్చాయి. జైలులో రాసిన ఆ తొమ్మిది సంపుటాలు మాత్రం ఢిల్లీ తీన్‌మూర్తి భవన్ గ్రంథాలయంలో రాతప్రతులుగానే ఉన్నాయి. మొత్తంగా ఎన్నడూ అచ్చు కాలేదు. తత్త్వశాస్త్రమో, సైన్సు చరిత్రో చదువుతున్న తెలుగు పిల్లలెవరైనా ఈ మాటలు చదువుతుంటే, ఒకసారి ఢిల్లీ వెళ్ళి ఆ పేజీలు తిరగేయండి.